1991లో అమ్మేసిన తాతగారి పడవ ఇప్పుడు దొరుకుతుందా? ఎక్కడ వెతకాలి?

అమ్మా, ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ అమ్మగారి నాన్నగారు కళింగపట్నం పక్కన బందరువానిపేటలో పడవల వడ్రంగి. 1984 ప్రాంతంలో సొంతానికి ఒక పడవ కట్టుకున్నారు. 1991లో అప్పుల వల్ల దాన్ని ‘టెక్కలి వైపు వాళ్లకు’ అమ్మేశారు. పోయేవరకూ ఆ పడవ మాట ఎత్తుతూనే ఉన్నారు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నవి ఒక పాత ఫొటో, ఆయన బాడిశ (చెక్క చెక్కే పనిముట్టు), బర్మా (చెక్కకు రంధ్రాలు వేసే పనిముట్టు). ఆ పడవ ఇంకా ఉందా, రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుంటే దాని జాడ తెలుస్తుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. పూర్తి పడవగా అది దొరకదు. కానీ దాని పలకల్లో ఒకటో రెండో దొరికే అవకాశం నిజంగా ఉంది. నంబరు ద్వారా కాదు, దాన్ని కొన్న వల జట్టు ద్వారా వెతకాలి. భావనపాడుతో మొదలుపెట్టండి. వెళ్లడానికి సరైన సమయం జూన్ మొదటి రెండు వారాలు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

నేను మత్స్యశాఖ క్షేత్ర సిబ్బందిగా శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో పనిచేసి రిటైరయ్యాను. పడవల వివరాలు రాయడం, తుఫాను తర్వాత ఏ పడవ పోయింది, ఏది బాగుచేస్తే పనికొస్తుంది అని ఒడ్డు వెంట నడిచి చూడడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ పరిచయాల వల్ల, అమ్మేసిన పడవ ఏమైందో కనుక్కోమని అడిగేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. మీలాంటి ప్రశ్న నాకు కొత్త కాదు. కానీ మీ ఫొటో మాత్రం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. పలకకూ పలకకూ మధ్య అతుకు వెంట రెండు వైపులా వరుసగా చుక్కలు కనిపిస్తాయి. అవి మేకులు కావు. కుట్టు రంధ్రాలు. పడవ లోపలి భాగం కొంచెం కనబడుతున్న చోట అడ్డపట్టెలు ఉన్నాయి గానీ, పక్కటెముకల్లా వంచి బిగించే చెక్కలు లేవు. అంటే మీ తాతగారు కట్టింది కుట్టు పడవ. పలకల అంచులకు బర్మాతో రంధ్రాలు వేసి, అతుకు మీద పీచు దట్టంగా పెట్టి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టే పడవ. ఇనుము దాదాపు ఉండదు. మద్రాసు తీరంలో మసులా పడవ అని ఇంగ్లీషు వాళ్లు రాసిపెట్టినది ఈ జాతిదే. కళింగపట్నం ఓడరేవుగా నడిచిన కాలంలో దూరంగా లంగరు వేసిన ఓడల నుంచి సరుకు ఒడ్డుకు చేర్చింది ఇలాంటి పడవలే. మన ఊళ్లలో తర్వాత కాలంలో ఇది పెద్దవలకు పనికొచ్చింది. కొందరు అలివి వల అంటారు. వల తాడు ఒక కొస ఒడ్డున వదిలి, పడవ మీద వల పరుచుకుంటూ సముద్రంలో అర్ధచంద్రాకారంగా తిరిగి, రెండో కొసతో ఒడ్డుకు వస్తారు. తర్వాత రెండు జట్లుగా నిలబడి లాగుతారు.

ఈ ఒక్క విషయంతో మీ వెతుకులాట దారే మారిపోతుంది. అందుకే మిగతా పడవల సంగతి కూడా కొంచెం చెప్పాలి. మీలాగే వెతికేవాళ్లు ఇంకెవరైనా చదివితే పనికొస్తుంది.

తెప్ప అయితే నేను వెంటనే వద్దనేవాడిని. తెప్ప అంటే తేలిక దుంగలు కలిపి కట్టేది. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలు ఎండబెడతారు. కొన్నేళ్లకు దుంగలు నీరు తాగి బరువెక్కుతాయి, పురుగు తొలుస్తుంది, చివరికి పొయ్యిలోకి పోతాయి. పైగా దుంగ మీద కట్టినవాడి చేతి గుర్తు తక్కువ. మేకులతో బిగించిన నావ అయితే మొత్తం ఒక్కటిగా బతుకుతుంది, ఒక్కటిగా చస్తుంది. కాబట్టి ఏదైనా ఉప్పుటేరు ఒడ్డున బురదలో దాని అడుగుభాగం మిగిలి ఉండొచ్చు. ఇంజను ఉన్న పెద్ద బోటు అయితే కాగితాల్లో దొరుకుతుంది. ఇంజను నంబరు, బ్యాంకు అప్పు, డీజిల్ సబ్సిడీ పుస్తకం, రిజిస్ట్రేషన్, ఇలా ఏదో ఒక పోగు చేతికి తగులుతుంది. సోంపేట వైపు ఒక కుటుంబం కోసం అలా వెతికాను. వాళ్ల నాన్నగారి బోటు విశాఖ హార్బరులో చేతులు మారి పారాదీప్ చేరింది. పేరు, రంగు, నంబరు అన్నీ మారాయి. పాత ఇంజను కొన్న మెకానిక్ దగ్గర కొనుగోలు రసీదు ఉండబట్టి దారి తెలిసింది.

కుట్టు పడవ సంగతి వేరు. ఉప్పునీటికి కొబ్బరి తాడు కుళ్లుతుంది. ఏడాదికో రెండేళ్లకో కుట్టు మొత్తం విప్పి, పలకలు ఎండబెట్టి, చెడినవి తీసేసి, మంచివాటికి కొత్తవి కలిపి మళ్లీ కుడతారు. అంటే పడవ ప్రతిసారీ సగం పాతది, సగం కొత్తది. ఒక జట్టు వల మానేస్తే పడవను విప్పి, పలకలను విడిగా ఇంకో పడవకు అమ్మేవాళ్లు. అందువల్ల మీ తాతగారు కట్టిన పడవ 1991 తర్వాత ఒకే చోట ఉండి ఉండదు. దాని పలకలు రెండు మూడు పడవల్లోకి, ఆ తర్వాత ఇళ్లలోకి చెదిరిపోయి ఉంటాయి. ఇది మీకు నిరాశగా అనిపించవచ్చు. నాకైతే ఇందులోనే ఆశ కనిపిస్తోంది. నావ పగిలితే కట్టెలు. కుట్టు పడవ విప్పితే ఆరు ఏడు మీటర్ల మంచి పలక. ఆ పలకను పేదింట్లో ఎవరూ తేలిగ్గా పారెయ్యరు.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ గురించి. చేపల పడవల నమోదుకు 1958 నాటి వాణిజ్య నౌకల చట్టంలో 1983 సవరణతో ఒక అధ్యాయమే చేర్చారు. రాష్ట్రంలో సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. కానీ ఊరూరా ప్రతి పడవకూ నంబరు వేయడం గట్టిగా పట్టాలెక్కింది 2008 నవంబరు ముంబయి దాడుల తర్వాతే. దాడి చేసినవాళ్లు సముద్రంలో ఒక చేపల బోటును పట్టుకుని దాని మీదే వచ్చారు కదా. ఆ తర్వాతే దేశమంతటికీ ఒకే రకం నంబరు, ఆన్‌లైన్ నమోదు వచ్చాయి. మీ పడవకు ఇంజను లేదు, అమ్మింది 1991లో. నంబరు ఉండే అవకాశం లేదు. నంబరు కోసం ఏ ఆఫీసు చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు. అమ్మినప్పుడు రాసుకున్న కాగితం ఉంటే తెల్లకాగితం మీద రాసినదే ఉంటుంది. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో, భూమి కాగితాల మధ్య ఒకసారి చూడండి.

కాగితాలు పూర్తిగా దండగ అనడం లేదు. ఉపయోగపడేవి రెండు రకాలు. మొదటిది మత్స్యకార సహకార సంఘాల పుస్తకాలు. పెద్దవల ఖరీదు ఒక్క ఇంటి వల్ల అయ్యేది కాదు. కొన్ని కుటుంబాలు కలిసి సంఘం ద్వారా అప్పు తీసుకునేవి. ఆ అప్పు ఖాతాలో పడవ కట్టిన వడ్రంగి పేరు ఉండదు. కానీ 1991, 92 ప్రాంతంలో పడవ కొనడానికో వల కొనడానికో అప్పు తీసుకున్న సభ్యుల పేర్లు ఉంటాయి. మీకు కావలసింది ఆ పేర్లే. సంఘం అధ్యక్షుణ్ని ఊళ్లోనే కలిసి మర్యాదగా అడిగితే చాలాసార్లు చూపిస్తారు.

రెండోది తుఫాను నష్టాల జాబితాలు. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. భావనపాడు నుంచి ఉద్దానం తీరం వరకు పడవలూ వలలూ కొబ్బరితోటలూ ఏమయ్యాయో మీరూ చూసే ఉంటారు. అంతకు ముందు 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖలో, తర్వాత 2021లో గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం తాకాయి. ప్రతిసారీ పూర్తిగా పోయినవి, కొంత దెబ్బతిన్నవి అని విడివిడిగా ఊరివారీ జాబితాలు రాస్తాం. ఇంజను లేని పడవలు కూడా అందులో వస్తాయి. ఏ ఊళ్లో ఏ ఏడాది వరకు పెద్దవల పడవ మిగిలిందో ఆ జాబితాను బట్టి తెలుస్తుంది. సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. వ్యక్తుల బ్యాంకు వివరాలు అడగకండి, ఆ కారణం చూపి మొత్తం తిరస్కరిస్తారు. ‘ఫలానా గ్రామంలో ఫలానా తుఫానులో నష్టపోయిన ఇంజను లేని చెక్క పడవల జాబితా’ అని ఒక్క వాక్యంలో అడగండి.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేసిన గణనలు కూడా ఉన్నాయి. 1980, 2005, 2010, 2016లలో చేసినవి. వాటిలో పేర్లుండవు, పడవల లెక్కే ఉంటుంది. ఏ ఊరు వదిలెయ్యవచ్చో తేల్చుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశించవద్దు.

ఇక ‘టెక్కలి వైపు’ అన్న మాట. టెక్కలికి సముద్రం లేదు. మండలాలు వచ్చింది 1985లో. మీ తాతగారి వయసు వాళ్లు ఆ తర్వాత కూడా తాలూకాల లెక్కలోనే మాట్లాడేవారు. కాబట్టి ‘టెక్కలి వైపు’ అంటే టెక్కలి బజారుకు వచ్చిపోయే తీరపు ఊళ్లు అని అర్థం చేసుకోవాలి. వంశధార ముఖద్వారం దాటి ఉత్తరానికి వెళితే, పోలాకి మండలం తర్వాత సంతబొమ్మాళి మండలం తగులుతుంది. భావనపాడు, మూలపేట అక్కడివి. అందుకే భావనపాడు అన్నాను. అక్కడ జాడ లేకపోతే వజ్రపుకొత్తూరు మండలంలో మంచినీళ్లపేట, నువ్వలరేవు చూడండి. కొన్నవాళ్లు పడవను బందరువానిపేట నుంచి ఒడ్డు వెంటే తోసుకుపోయి ఉంటారు. లారీ ఎక్కించడానికి పలకలు విప్పాల్సి వస్తుంది, విప్పితే మళ్లీ కుట్టేవాడికి కూలి ఇవ్వాలి. ఆ లెక్కన కూడా దగ్గరి ఊరికే పోయి ఉంటుంది.

మూలపేటలో ఓడరేవు పనులు 2023లో మొదలయ్యాయి. ఊళ్లు కదిలాయి, ఇళ్లు కూల్చి కొత్తచోట కట్టుకున్నారు. పాత ఇల్లు కూల్చేటప్పుడే పాత పలకలు బయటపడతాయి, అప్పుడే పోతాయి కూడా. వాయిదా వెయ్యవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. ఇంకో కారణం మీకు నేను చెప్పనక్కరలేదు, ఆ పడవ మీద పనిచేసిన కళాసీలకు, అంటే పడవ జట్టు మనుషులకు, ఇప్పుడు డెబ్బై దాటి ఉంటాయి.

జూన్ మొదటి పదిహేను రోజులే ఎందుకు? మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. ఆ రోజుల్లో ఇంజను బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి, మగవాళ్లు ఊళ్లో ఉంటారు. కానీ మన జిల్లా వాళ్లు ఎంతమంది గుజరాత్ వేరావల్‌లో బోట్లెక్కుతారో మీకు తెలుసు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలైనవాళ్లలో మన జిల్లాల వాళ్లే ఎక్కువ. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది. రెండు నిషేధాలూ కలిసే ఆ రెండు వారాల్లో ఇక్కడివాళ్లూ అక్కడివాళ్లూ ఒకేసారి ఊళ్లో దొరుకుతారు. పైగా ఆ సమయంలో వాళ్లకు తీరిక ఉంటుంది. తెల్లవారుజామున వేటకు పోయే మనిషిని పట్టుకుని ముప్పై ఏళ్ల నాటి పడవ గురించి అడిగితే ఏం చెబుతాడు?

ఊళ్లోకి వెళ్లాక ఎవరిని అడగాలి? అందరూ మగవాళ్లను అడుగుతారు. మీరు ముందు ముసలి ఆడవాళ్లను అడగండి. చేపలు తట్టలకెత్తుకుని ఊళ్లకు పోయి అమ్మింది వాళ్లే. ఏ పడవ ఎవరిది, ఎవరి వాటా ఎంత, ఏ సావుకారు దగ్గర ఎంత బాకీ అన్న లెక్క వాళ్ల నోట ఉంటుంది. మగవాళ్లు ఎవరి జట్టులో పనిచేస్తే ఆ పడవ గురించే చెప్పగలరు. ఆడవాళ్లు ఒడ్డున నిలబడి వచ్చిన ప్రతి పడవనూ చూశారు. పూసపాటిరేగ మండలం తిప్పలవలసలో ఒక పడవ సంగతి నాకు తేలింది ఒక అవ్వ చెప్పిన మాట మీదే. ఫలానా ఏడాది ఆ పడవ పలకలు తమ పెద్దల్లుడు పశువుల పాకకు వాడాడని చెప్పింది. వెళ్లి చూస్తే పాక మారింది గానీ పలక అక్కడే ఉంది. కుడితితొట్టి పక్కన అడ్డుగా నిలబెట్టి ఉంది, రెండు అంచులా రంధ్రాలతో.

పలకలు ఎక్కడ ఉంటాయో కూడా చెబుతాను. గడపలు, దూలాల మీద అటక బల్లలు, మేకల దొడ్డి కంచె, మురుగుకాలువ మీద దాటుడు బల్ల, రామాలయం అరుగు మీద కూర్చునే బల్ల, వలలు పెట్టుకునే పాక గోడ. సొరచేప నూనె ఏళ్ల తరబడి పట్టించిన పలక నల్లగా, నున్నగా ఉంటుంది, మామూలు మామిడి చెక్కలా వెలిసిపోయి ఉండదు. చూడగానే కాదు, చేత్తో తడిమితే తెలుస్తుంది. ఇంటివాళ్లు అనుమతిస్తేనే తడమండి.

సరే, ఒక పలక దొరికిందనుకుందాం. అది మీ తాతగారిదేనని ఎలా తేలుతుంది? ఇక్కడ మీకు చాలామందికి లేని అదృష్టం ఉంది. ఆయన బర్మా మీ దగ్గర ఉంది. కుట్టు రంధ్రం వెడల్పు బర్మా ములికి (రంధ్రం తొలిచే మొన) వెడల్పే. ములికి అరిగి ఉండొచ్చు, మార్చి ఉండొచ్చు, కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు. కానీ కొలత పెద్దగా తేడా వస్తే ఆ పలకను వదిలెయ్యవచ్చు. తాడు ఒరిపిడికి రంధ్రాల నోరు పెద్దదవుతుంది. అందుకని పలక మధ్యలో కొలవకండి. అడ్డపట్టె కింద దాగి ఉన్న చోట, లేదా చివరల్లో కొలవండి.

రెండోది రంధ్రాల ఎడం. వడ్రంగులు టేపుతో కొలవరు. అంచు నుంచి ఇన్ని వేళ్లు, రంధ్రానికీ రంధ్రానికీ ఇన్ని వేళ్లు లేదా బెత్తెడు అని చేతి కొలత పెడతారు. అది మనిషిని బట్టి మారుతుంది, ఒకే మనిషి జీవితాంతం దాదాపు మారదు. మీ ఫొటోలో ఆయన పడవ పక్కన నిలబడ్డారు. ఆయన ఎత్తు మీ అమ్మగారికి సుమారుగా తెలిసే ఉంటుంది. ఆ ఎత్తును ఆధారం చేసుకుని ఫొటోలో పది రంధ్రాల దూరం కొలిచి, దాన్ని తొమ్మిదితో భాగించండి. వచ్చిన ఎడాన్ని దొరికిన పలకతో పోల్చండి. పడవ ముక్కు వైపు వంపు ఉంటుంది కాబట్టి ఫొటోలో మధ్యభాగాన్నే కొలవాలి.

మూడోది కుట్టు తీరు. తాడు పోయినా దాని ఒరిపిడి గాడి చెక్క మీద మిగులుతుంది. గాడులు అతుకుకు అడ్డంగా నిలువుగా పోయాయా, ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయాయా చూడండి. మీ ఫొటోలో ఒకచోట, ముక్కు దగ్గర, ఏటవాలు కుట్టు కనిపిస్తున్నట్టు నాకు అనిపిస్తోంది. అసలు ఫొటోను మంచి స్కానరు మీద పెట్టి పంపితే తేలుతుంది.

పలక మీద ఒకే అంచున రెండు వరసల రంధ్రాలు కనిపిస్తే కంగారు పడకండి. దాన్ని ఇంకో పడవకు వాడినప్పుడు పక్క పలకతో కలవక కొత్త రంధ్రాలు వేసి ఉంటారు. పాత వరస ఏదో, అంటే ఎక్కువ అరిగినది, పీచు గుజ్జు పూడి గట్టిపడినది, దాన్నే మీరు కొలవాలి. ఒక పాత కాగితం రంధ్రాల మీద పెట్టి పెన్సిలు పక్కకు వాల్చి రుద్దితే అచ్చు పడుతుంది. ఫొటోల కంటే ఆ అచ్చు నాకు ఎక్కువ ఉపయోగం.

మనుషులతో మెలగడం గురించి కొంచెం ఖచ్చితంగా చెప్పాలి. ముందే ఫొటో చూపించవద్దు. చూపించి ‘ఈ పడవ తెలుసా’ అంటే, దూరం నుంచి వచ్చిన ఆడపిల్లను నొప్పించలేక తెలుసనేస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, వాళ్ల మర్యాద అది. ‘1991 ప్రాంతంలో కళింగపట్నం వైపు నుంచి మీ ఊరికి పెద్దవల పడవ ఏదైనా వచ్చిందా, ఎవరు తెచ్చారు’ అని అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పిన వివరం విన్నాకే ఫొటో తియ్యండి. డబ్బు మాట మొదట ఎత్తితే ఊళ్లో ఉన్న ప్రతి పాత చెక్కా మీ తాతగారిదే అవుతుంది. అమ్మకం సంగతి తవ్వేటప్పుడు కూడా జాగ్రత్త. అప్పు వల్ల అమ్మిన పడవ అది. కొన్నవాళ్లు తక్కువ ధరకు కొట్టేశారని మీ ఇంట్లో ఎప్పుడైనా అనుకుని ఉంటే, ఆ మాట అక్కడ అనకండి. వాళ్లింట్లో దాని కథ వేరేగా ఉంటుంది, రెండూ వినండి.

ఒడ్డు మీద ఏ పడవ మీదా చెప్పులతో కాలు పెట్టవద్దు. పలక ఏ గుడి దగ్గరో గంగమ్మ గద్దె దగ్గరో ఉంటే దాన్ని అడగనే వద్దు, అచ్చు తీసుకుని దణ్ణం పెట్టి రండి. ఇంట్లో వాడుకలో ఉంటే, దాని బదులు మంచి బల్ల చేయించి ఇస్తానని అడగడం న్యాయం. పలక తెచ్చుకున్నాక వార్నిష్ వెయ్యవద్దు. ఉప్పు పీల్చిన చెక్క మీద వార్నిష్ నిలవదు, పొలుసులుగా లేస్తుంది, కుట్టు గాడులు మూసుకుపోతాయి. నీడలో నెమ్మదిగా ఆరనిచ్చి, తడిబట్టతో తుడిస్తే చాలు.

భావనపాడులో ఏమీ దొరకకపోతే? అప్పుడు దక్షిణానికి రండి. ‘టెక్కలి వైపు వాళ్లు’ కొన్నా, వాళ్లు మళ్లీ అమ్మి ఉండొచ్చు. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం, రణస్థలం మండలం జీరుపాలెం, విజయనగరం తీరంలో చింతపల్లి, కోనాడ, ముక్కాం వరకు పెద్దవల నడిచిన ఊళ్లున్నాయి. విజయనగరం జిల్లా తీరం చిన్నది, పూసపాటిరేగ, భోగాపురం మండలాలతో అయిపోతుంది. రెండు రోజులు పెట్టుకుంటే ఒడ్డంతా తిరగవచ్చు. అక్కడి కాగితాలు కావాలంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. 1991 నాటి మీ పనికి దానితో ఇబ్బంది లేదు. మీ తాతగారి తండ్రి కట్టిన పడవల గురించి కూడా ఎప్పుడైనా వెతికితే మాత్రం లెక్క మారుతుంది. శ్రీకాకుళం జిల్లా 1950 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉంది, 1936లో ఒడిశా ఏర్పడక ముందు కళింగపట్నం గంజాం జిల్లాలోది.

ఇంకో పని ఊళ్లకు వెళ్లకముందే చెయ్యవచ్చు. బందరువానిపేటలోనే మీ తాతగారితో పాటు పనిచేసిన వడ్రంగులెవరైనా ఉన్నారేమో కనుక్కోండి. కుట్టు పడవను ఒక్కడు కట్టలేడు. ఒకడు బయటి నుంచి తాడు తోస్తే ఇంకొకడు లోపలి నుంచి లాగి బిగించాలి. లోపల కూర్చుని తాడు లాగినవాడికి ఆ పడవ ప్రతి అతుకూ గుర్తుంటుంది. ఏ పలక మామిడి, ఏది పనస, ఎక్కడ ముడి ఉండి కష్టపెట్టింది అన్నవి వాళ్లే చెప్పాలి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మొదలుపెట్టిన బంగాళాఖాతం కార్యక్రమం వాళ్లు మన తీరపు పడవల కొలతలు గీసి పెట్టారు, ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని ముద్రించి ఆ పెద్దాయన ముందు పెట్టండి. ‘మీరు కట్టింది ఇలాగే ఉంటుందా’ అంటే, ఇలా కాదు అంటూ మొదలుపెట్టి గంటసేపు చెబుతారు. ఫోనులో రికార్డు చేసుకోండి, ముందే అడిగి.

ఆ పలక దొరికినా దొరకకపోయినా ఆయన చెప్పేది మాత్రం ఈ వేసవి దాటనివ్వకండి. కుట్టు పడవ కట్టడం తెలిసినవాళ్లు మన రెండు జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే నాకు తెలుసు. ఫైబరు బోట్లు వచ్చాక వాళ్లను పనికి పిలిచేవాళ్లు లేరు. మీరు వెళ్లి అడిగితే, చాలా ఏళ్లకు ఆ పని గురించి అడిగిన మనిషి మీరే అవుతారేమో.

ఇప్పుడు మీ నుంచి నాకు మూడు వివరాలు కావాలి. ఫొటో వెనక ఏదైనా రాసి ఉందా? బర్మా ములికి వెడల్పు ఎంత, మిల్లీమీటర్లలో కొలిచి చెప్పండి. కొన్నవాళ్ల ఇంటిపేరు మీ అమ్మగారికి గానీ మేనమామలకు గానీ సగమైనా గుర్తుందా? ఇంటిపేరు తెలిస్తే భావనపాడు, నువ్వలరేవు రెండింటిలో ముందు ఏ ఊరికి వెళ్లాలో చాలావరకు చెప్పగలను. అక్కడ సంఘంలో తెలిసినవాళ్లకు మీరు వస్తున్నట్టు కబురు కూడా పెడతాను.